హైదరాబాద్ పడమటి దారులు: మూసీకి ఎదురెక్కి అనంతగిరి దాకా సైకిల్ మీద

మీరు అడిగింది ఇదీ: నార్సింగిలో ఉంటారు, రోడ్ బైక్ (సన్న టైర్ల వేగపు సైకిల్) కొని కొన్ని నెలలైంది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఆదివారాలు 40, 50 కిలోమీటర్లు హాయిగా తొక్కుతున్నారు. ఇప్పుడు ఒక రోజంతా పల్లెలు, గుట్టలు, చిన్న టౌన్ల మీదుగా వెళ్ళాలని ఉంది. ఏ దారి మంచిది, ఎక్కుడు ఎంత ఉంటుంది, ఎక్కడ తినాలి, దేనికి జాగ్రత్త పడాలి అన్నారు. చాలా ఏళ్ళుగా ఈ రోడ్ల మీదే తిరుగుతున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సమాధానం చెప్పేస్తాను. పడమటికి వెళ్ళండి. గండిపేట, శంకర్‌పల్లి, నవాబ్‌పేట మీదుగా వికారాబాద్, అక్కడి నుంచి అనంతగిరి గుట్ట. వచ్చేటప్పుడు మన్నెగూడ, చేవెళ్ళ, మొయినాబాద్ మీదుగా నగరం అంచున ఉన్న అప్పా జంక్షన్. మీ ఇంటి నుంచి మీ ఇంటికి 130, 140 కిలోమీటర్ల మధ్య వస్తుంది. మొదటిసారే అంత దూరం వద్దనుకుంటే శంకర్‌పల్లి నుంచి ఎడమకు తిరిగి చేవెళ్ళ చేరి, మొయినాబాద్ మీదుగా ఇంటికి రండి. అది 80 కిలోమీటర్లకు అటూఇటూ. ఈ చిన్న చుట్టు రెండు మూడు సార్లు ఇబ్బంది లేకుండా తిరిగి వస్తే పెద్దది మీకు అందుతుంది.

హైదరాబాద్ నుంచి ఎటు చూసినా రోడ్లున్నాయి కదా, పడమరే ఎందుకంటే, ఆ దారి మూసీ నది లోయ వెంట పోతుంది కాబట్టి. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుకు పారి గండిపేట చెరువులో కలుస్తుంది. మనం దానికి ఎదురుగా పైకి వెళ్తాం. నది పక్క దారి కాబట్టి ఒక్కసారిగా నిలువుగా లేచే ఎత్తులు ఉండవు. వాగులు దాటడానికి దిగడం, మళ్ళీ ఎక్కడం, అంతే. మండల కేంద్రాలు తగినంత దూరంలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నీళ్ళు, టీ, పంక్చర్ కొట్టు, మందుల షాపు ఏదీ చాలా దూరం ఉండదు. కొత్తగా పెద్ద దూరాలకు వెళ్ళేవాళ్ళకు కావాల్సింది ఇదే. దారి చూడటానికి ఎంత బాగుందన్నది ఆ తర్వాతి సంగతి. అదృష్టం కొద్దీ ఇక్కడ రెండూ ఉన్నాయి.

ఇంకో కారణం ఉంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక కట్టినవి ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో. హిమాయత్‌సాగర్ 1927లో, మూసీ ఉపనది ఈసా మీద. ఆ రెండు చెరువుల నీళ్ళు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డు పెట్టారు. 2022లో ఆ జీవోను ఎత్తేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఇన్నేళ్ళూ మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు తోటలు, పూల సాగు, కూరగాయల మడులు మిగిలాయంటే దానికి ఆ జీవో పెద్ద కారణం. మీరు ట్రాక్ దాటి గండిపేట కట్ట వైపు తిరగగానే గాలి చల్లబడటం గమనించే ఉంటారు. ఆ చల్లదనం ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేను అనుకోవడం లేదు. అందుకే చూడగలిగినప్పుడే ఈ దారులు చూడమని అందరికీ చెప్తుంటాను.

ఇక దారి. నార్సింగి నుంచి గండిపేట, ఖానాపూర్ మీదుగా శంకర్‌పల్లి రోడ్డు పట్టుకోండి. ఆదివారం పొద్దున ఐదింటికి బయల్దేరితే రోడ్డంతా మీదే. ఏడు దాటాక ఫామ్‌హౌస్‌లకు వెళ్ళే కార్లు మొదలవుతాయి, అవి వేగంగా వస్తాయి. ఆ లోపు శంకర్‌పల్లి చేరిపోవాలి. జనవరిలో ఆరూ ముప్పావు దాకా సూర్యుడు రాడు, మే నెలాఖరుకు ఐదూ నలభైకే వచ్చేస్తాడు. కాబట్టి చలికాలం ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా గేటు దాటకండి. వెనక లైటు పగలు కూడా వెలుగుతూ ఉంటే ఇంకా మంచిది. చెట్ల నీడలో ఉన్న సైకిల్ ఎండలోంచి వచ్చే డ్రైవర్‌కు కనపడదు.

శంకర్‌పల్లిలో మొదటి టిఫిన్. పెద్ద పేరున్న హోటల్ వెతక్కండి. బస్సులు ఆగే చోట, పొయ్యి రోడ్డు మీదకు కనపడే చోట, కళ్ళ ముందు ఇడ్లీ దించే చోట కూర్చోండి. ముందుంది రెండు గంటల దారి. ఇడ్లీ మంచిది, ఉప్మా మంచిది. పూరీ, మైసూర్ బజ్జి నోరూరిస్తాయి కానీ నూనె కడుపులో బరువుగా కూర్చుంటుంది. వాటిని తిరుగు దారికి ఉంచుకోండి.

శంకర్‌పల్లి దాటి నవాబ్‌పేట వైపు తిరిగాక అసలు ప్రయాణం మొదలవుతుంది. రైలు పట్టాలు కొన్ని చోట్ల దగ్గరగా, కొన్ని చోట్ల దూరంగా మీతోనే వస్తుంటాయి. అది సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ జంక్షన్ మీదుగా తాండూరు, వాడి వైపు పోయే లైను. నేల రంగు మారడం చూడండి. గండిపేట చుట్టూ మీరు చూసే బండరాళ్ళు గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. దాని మీద ఎర్రమట్టి. పడమటికి పోయేకొద్దీ దక్కన్ లావా పొరలు పరచుకున్న నేల అంచు వస్తుంది, ఆ లావా ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది. అక్కడ నల్లరేగడి. ఆ లావా మీద వానలకు నాని, ఎండకు ఎండి, ఇనుము మిగిలి గట్టిపడిన ఎర్ర కంకర నేల అనంతగిరి దగ్గర కనిపిస్తుంది. సైకిల్ తొక్కేవాడికి దీంతో పనేమిటంటే, గ్రానైట్ నేలలో గుట్టలు విడివిడిగా ఉంటాయి, రోడ్డు వాటిని చుట్టి పోతుంది. లావా నేలలో మాత్రం మైళ్ళ తరబడి కంటికి కనపడని ఎత్తు ఉంటుంది. రోడ్డు చదునుగానే ఉంది, కాళ్ళు ఎందుకు బరువెక్కుతున్నాయని ఆందోళన పడకండి. మీరు ఎక్కుతూనే ఉన్నారు.

ఎత్తు ఎంత? గండిపేట చెరువు నిండు నీటిమట్టం 1,790 అడుగులు, అంటే 545 మీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి అనంతగిరికి తేడా నూట యాభై మీటర్ల లోపే అనుకోండి. కాగితం మీద చూస్తే ఇదేం ఎక్కుడు అనిపిస్తుంది. కానీ ప్రతి వాగు దగ్గరా దిగి ఎక్కినవన్నీ కలిస్తే సాయంత్రానికి అంతకు చాలా రెట్లు ఎక్కి ఉంటారు. ఈ దారిలో కాళ్ళను అలసటపెట్టేది గుట్ట కాదు, ఈ చిన్న చిన్న ఎత్తులే. ప్రతి ఎత్తునూ సీట్లోంచి లేచి దంచి ఎక్కితే వికారాబాద్‌కే అయిపోతారు. చిన్న గేరులో, కూర్చునే, మాట్లాడుతూ ఎక్కగలిగే వేగంలో వెళ్ళండి. పక్కన మనిషితో ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

వికారాబాద్ ఊళ్ళో ఆగండి. రైల్వే జంక్షన్, జిల్లా కేంద్రం, చుట్టూ పల్లెల వాళ్ళకు కొనుగోళ్ళ ఊరు. అంగడి రోజు తగిలితే మీ అదృష్టం. చిక్కుడు, వంకాయ, పచ్చిమిర్చి కుప్పలు, కొడవళ్ళు, మోకుతాళ్ళు, ఎండు చేపలు, గాజులు, చెప్పులు, అన్నీ ఒకే రోడ్డు మీద. ఏ ఊరికి ఏ రోజు అంగడో టీ కొట్టులో అడిగితే చెప్తారు, రాసి పెట్టుకోండి. నేను దారులు ఎంచుకునేది సగం ఆ లెక్కతోనే. అంగడి రోజున తొమ్మిది తర్వాత ఆ ఊరి నడిబొడ్డున సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాలి, అంత జనం ఉంటారు. కానీ జామకాయలు, సీతాఫలాలు, చెరుకు ముక్కలు ఆ రోజు దొరికినంత తాజాగా మరెప్పుడూ దొరకవు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఈ పక్కంతా సీతాఫలాల కాలం. గట్టి కాయలు కొనుక్కుని జెర్సీ వెనక జేబులో వేసుకోకండి, పగిలిపోతాయి. మెత్తగా పండినది అక్కడే తినేయండి.

వికారాబాద్ నుంచి అనంతగిరి అయిదారు కిలోమీటర్లు. ఊరు దాటగానే అడవి. ఇక్కడ వేగం పూర్తిగా తగ్గించాలి, కోతులు, మలుపులు, సెలవు రోజుల్లో నగరం నుంచి వచ్చే బైకులు. పైన అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. గాలి మంచిదని నిజాం కాలంలోనే ఇక్కడ క్షయ రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. గుడి కిందికి దిగితే మూసీ పుట్టిన చోటంటూ చూపిస్తారు. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే నది ఇక్కడ ఒక సన్నటి ఊట. ఈ దారి ఎందుకు ఎంచుకోమన్నానో మీకు అక్కడ నిలబడితే తెలుస్తుంది. నగరంలో పెరిగిన పిల్లలను ఒక్కసారైనా ఇక్కడికి తీసుకురావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

గుట్ట మీద ఇంకో విశేషం ఉంది. ఇది నీళ్ళు రెండుగా విడిపోయే గట్టు. తూర్పు వాలున పడ్డ వాన మూసీలోకి పోయి, హైదరాబాద్ మీదుగా, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డది కాగ్నా వాగులోకి పోయి, తాండూరు మీదుగా కర్ణాటకలో భీమానదిని చేరి, అలా కృష్ణలోకే వస్తుంది. సైకిల్ మీద ఉన్నవాడికి ఈ సంగతి కాళ్ళకే తెలుస్తుంది, ఎందుకంటే పడమటి వైపు రోడ్డు ఘాట్‌గా మారి మలుపులు తిరుగుతూ కెరెల్లి వైపు దిగిపోతుంది. దిగడానికి చాలా సరదాగా ఉంటుంది. కానీ దిగితే మళ్ళీ ఎక్కాలి, అదీ 70 కిలోమీటర్లు తొక్కిన కాళ్ళతో, ఎండ నెత్తి మీద ఉండగా. మొదటిసారి పైనుంచే చూసి వెనక్కి తిరగండి. రెండోసారికి కోట్‌పల్లి చెరువు దాకా వెళ్ళండి. ఆ చెరువు గట్టు, చుట్టూ అడవి, ఈ మొత్తం ప్రాంతంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు.

తాండూరు దాకా పోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. కందులకు, బండలకు పేరున్న ఊరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కంది పప్పు కొనుక్కోవడానికి వెళ్ళండి, తప్పులేదు, కానీ రోడ్ బైక్ మీద వద్దు. బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్లు అవి. సన్న టైరుకు, ఊపిరితిత్తులకు రెండింటికీ మంచిది కాదు.

తిరుగు దారి మన్నెగూడ మీదుగా చేవెళ్ళ. ఇది హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే జాతీయ రహదారి, 163 నంబరు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నట్టు లెక్కించారు. రోడ్డు వెడల్పు చేయాలా, చెట్లు కాపాడాలా అని ఏళ్ళ తరబడి వాదన నడిచింది, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ ఊడల కింద నుంచి సైకిల్ తొక్కినవాడెవడూ ఆ చెట్లు కొట్టేయమని అనలేడు. నీడలోకి వెళ్ళగానే ఒళ్ళు తేలికవుతుంది, బయటికి రాగానే ఎండ చెంప మీద కొట్టినట్టుంటుంది. అయితే సైకిల్‌వాడిగా నిజం చెప్పాలి. రెండు వరుసల రోడ్డు, బస్సులు, కూరగాయల డీసీఎం వ్యాన్లు, ఎదురుగా ఓవర్‌టేక్ చేసే కార్లు. ఈ రోడ్డు మీద మధ్యాహ్నం పూట తెల్లగీత లోపల తొక్కకండి, గీత బయట మట్టి అంచుకు మరీ దగ్గరగానూ తొక్కకండి, తారు అంచు తెగిన చోట చక్రం జారితే పడేది రోడ్డు మీదికే. రోడ్డు పనులు జరిగే చోట కంకర, డైవర్షన్లు ఉంటాయి. బయల్దేరే ముందు రోజు ఆ పక్క వెళ్ళొచ్చిన వాళ్ళను అడగండి.

చేవెళ్ళలో ఆగి నిమ్మకాయ సోడా తాగండి, సగం ఉప్పు, సగం చక్కెర వేయమని చెప్పి. చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా పూల తోటలు, కూరగాయల మడులు. మొయినాబాద్ దాటాక ఎడమ వైపు గండిపేట, కుడి వైపు హిమాయత్‌సాగర్, రెండు చెరువుల మధ్య నుంచి వస్తారు. చిలుకూరు వైపు తిరిగితే బాలాజీ గుడి ఉంది. శుక్ర, శని, ఆదివారాల్లో ప్రదక్షిణలకు వచ్చేవాళ్ళ కార్లు బారులు తీరతాయి కాబట్టి సైకిల్ మీద ఆ రోజుల్లో ఆ రోడ్డు వదిలేయండి.

గాలి గురించి తప్పకుండా చెప్పాలి. చాలామంది మ్యాప్ చూస్తారు, ఎత్తు చూస్తారు, గాలి చూడరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమర నుంచి వస్తుంది, జూన్, జులైలో గట్టిగా. వికారాబాద్ వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు. కష్టం ముందు, సుఖం తర్వాత. అందుకే వానాకాలంలో పడమటి దారి అంత బాగుంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా గాలి తూర్పు, ఈశాన్యం నుంచి. అప్పుడు వెళ్ళేటప్పుడు మీరే గొప్ప సైక్లిస్టు అనిపిస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు చేవెళ్ళ దగ్గర ఆ అప్పు మొత్తం తీర్చాలి. చలికాలంలో వెళ్ళేవాళ్ళు సగం దారికి సగం కంటే తక్కువ శక్తి ఖర్చుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు హఠాత్తుగా వస్తాయి. మబ్బు నల్లబడితే చెట్టు కింద నిలబడకండి, ఏ ఇంటి వరండాలోకో బడి భవనంలోకో వెళ్ళండి. ఎండాకాలం పెద్ద రైడ్ అసలు వద్దనే నా మాట. పది గంటలకు ఇంట్లో ఉండేలా 60 కిలోమీటర్లు చాలు.

రోడ్డు ఎంచుకోవడానికి ఒక తేలికైన గుర్తు చెప్తాను. కిలోమీటరు రాళ్ళ తల మీది రంగు చూడండి. పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే ఊళ్ళను కలుపుతూ ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు. ఆ పథకం 2000లో మొదలైంది. నారింజ రాయి కనిపిస్తే సైకిల్‌కు పండగే. లారీలు ఉండవు, వేపచెట్లు ఉంటాయి, పిల్లలు చేతులు ఊపుతారు. ఒక్క సంగతి, ఫోన్‌లో మ్యాప్ చిన్న దారి చూపించిన ప్రతిసారీ అది తారు రోడ్డు కాకపోవచ్చు. పొలాల మధ్య బండ్ల బాటను కూడా రోడ్డుగా చూపిస్తుంది. నాలుగు దారుల దగ్గర ఆగి, 'అన్నా, నవాబ్‌పేటకు డాంబర్ రోడ్డు ఎటు?' అని అడగండి. డాంబర్ అన్న మాట వదలకుండా అడగండి, లేకపోతే దగ్గరి దారి చెప్తారు, అది మట్టిది.

ఊరి రోడ్ల మీద ప్రమాదాలు నగరంలో ఉండే రకం కావు. మొదటిది ఆరబోసిన పంట. అక్టోబరు, నవంబరుల్లోనూ, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లోనూ వడ్లు, మక్కలు సగం రోడ్డు మీద ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్ళు పేరుస్తారు, రాత్రి వాటిని అక్కడే వదిలేసినా వదిలేస్తారు. తెల్లవారుజాము చీకట్లో ఆ రాయి తగిలితే చక్రం వంకరపోతుంది, మనిషి ఎగిరి పడతాడు. రైతును తిట్టకండి. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం, వాన వస్తే ఏడాది కష్టం పోతుంది. వడ్ల మీదుగా తొక్కకండి కూడా, గింజ నలుగుతుంది, మీరు జారతారు. రెండోది స్పీడ్ బ్రేకర్లు. ఊరు మొదట్లో, బడి దగ్గర, గుడి దగ్గర, రంగు లేకుండా, ఎత్తుగా ఉంటాయి. ఇళ్ళు కనిపించగానే చేతులు బ్రేకుల మీదికి రావాలి. మూడోది కుక్కలు. తరిమితే వేగం పెంచకండి. నెమ్మదించి, గట్టిగా ఒక కేక వేసి, అవసరమైతే దిగి సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టండి. చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, ధారగా నీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. రైడ్ ఎంత మిగిలి ఉన్నా సరే.

పంక్చర్ విషయం. ఈ దారుల్లో శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డు పక్క కంప కొట్టి పడేసిన రోజున ఒకే చోట రెండు టైర్లూ పోతాయి. రెండు ట్యూబులు, ప్యాచులు, టైరు లివర్లు, చిన్న పంపు మీ దగ్గరే ఉండాలి. ఊరి పంక్చర్ కొట్టులో కంప్రెసర్ ఉంటుంది కానీ మీ రోడ్ బైక్ సన్న వాల్వు దానికి పట్టదు. ఇరవై ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకు తగిలించుకుని తిరిగితే ఏ కొట్టులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. ఎందరినో ఇంటికి చేర్చిన వస్తువు అది. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు తీయండి, లేకపోతే రెండోది కూడా పోతుంది. 25 మిల్లీమీటర్ల టైరు మీదుంటే 28కి, ఫ్రేములో చోటుంటే 32కి మారండి. మన రోడ్లకు వెడల్పు టైరు, తక్కువ గాలి మంచిది. 70 కిలోల మనిషికి 28 టైరులో 70 నుంచి 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. సైకిల్ షాపుల్లో వంద దాటించి కొట్టి పంపుతారు, అది రాయిలా ఎగిరెగిరి పడుతుంది.

నీళ్ళు, తిండి సంగతి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ ఎక్కువైతే ఇంకా. దాహం వేయకముందే తాగాలి. రెండు బాటిళ్ళలో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలుపుకోండి, కానీ లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని తక్కువ నీళ్ళలో వేయకండి. ప్రతి గంటకూ ఏదో ఒకటి తినండి. అరటిపండు, ఖర్జూరాలు, పల్లీపట్టీ. ఈ మూడూ ప్రతి ఊళ్ళో కిరాణా కొట్టులో ఉంటాయి, విదేశీ జెల్ ప్యాకెట్లు కొనాల్సిన పనిలేదు. మధ్యాహ్నం వికారాబాద్‌లో భోజనం చేస్తే పెరుగన్నం, కాస్త పప్పు చాలు. బిర్యానీ తిన్నాక అరవై కిలోమీటర్లు తొక్కడం కష్టమని వేరే చెప్పక్కర్లేదు. తల తిరగడం, చెమట ఆగిపోవడం, ఒళ్ళు జలదరించడం, ఇవి కనిపిస్తే అది ఎండదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మొండిగా తొక్కకూడదు.

మిగతా దిక్కుల గురించి కూడా క్లుప్తంగా. ఉత్తరాన నర్సాపూర్ అడవి దారి బాగుంటుంది, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చిలో మోదుగు పూసినప్పుడు. దాన్నే పట్టుకుని మెదక్ దాకా వెళ్తే కరువు కాలంలో జనానికి పని కల్పిస్తూ కట్టిన చర్చి ఉంది, 1924లో ప్రారంభించారు, గోపురం 175 అడుగులు. అక్కడికి వెళ్ళి అదే రోజు రావడం కొత్తవాళ్ళకు ఎక్కువ, రాత్రి ఉండి రండి. దుండిగల్ దాటే దాకా ట్రాఫిక్ భరించాలి, మీ ఇంటి నుంచి అయితే ఆ భాగం కారులో వేసుకుపోవడమే నయం.

తూర్పున పోచంపల్లి, భువనగిరి. పోచంపల్లి చేనేత ఊరు, 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు మొదటి భూదానం జరిగిన ఊరు. పొద్దున్నే వెళ్తే మగ్గాల చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. భువనగిరిలో ఒకే బండ మీద కోట, దూరం నుంచే కనిపిస్తుంది. ఈ దారిలోనూ మూసీయే కలుస్తుంది, కానీ నగరం మురుగంతా మోసుకొచ్చిన మూసీ. అనంతగిరి ఊట చూసి వచ్చి, ఆ తర్వాత వారం ఇక్కడ వంతెన మీద ఆగి చూడండి. నాకైతే ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. సైకిల్ సంఘాల వాళ్ళు పోచంపల్లి రైడ్ పెట్టినప్పుడల్లా ఆ వంతెన దగ్గర ఓ ఐదు నిమిషాలు ఆపమని అడుగుతుంటాను.

ఆగ్నేయాన ఇబ్రహీంపట్నం, మంచాల దాటి రాచకొండ గుట్టలు. 14వ శతాబ్దపు రేచర్ల పద్మనాయకుల కోట, గ్రానైట్ గుట్టలు, ఊళ్ళు తక్కువ, నీడ తక్కువ. బలం వచ్చాక చలికాలంలో వెళ్ళాల్సిన చోటు. ఒంటరిగా వద్దు.

ఇక శ్రీశైలం. రోడ్ బైక్ కొన్న ప్రతివాళ్ళూ ఏడాదిలో ఒకసారి దీని గురించి అడుగుతారు. 200 కిలోమీటర్ల పైన దారి, మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలకు అనుమతి లేదు. చివర్లో డ్యామ్ దాకా దిగి, మళ్ళీ ఊరికి ఎక్కాలి. అందమైన దారే, నల్లమల అందానికి మాటలు చాలవు. కానీ అది రెండు రోజుల పని, జట్టుతో, వెనక ఒక బండితో. పట్టపగలు అడవి దాటిపోయేలా ముందు రోజు అచ్చంపేట దగ్గర ఆగాలి. ముందు వికారాబాద్ చుట్టు తేలిగ్గా అనిపించాలి, ఆ తర్వాత బ్రెవే, అంటే గడువు పెట్టిన దూరపు రైడ్, చేయండి. 200 కిలోమీటర్లు, 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి, పందెం కాదు, గడువు లోపల వస్తే చాలు. హైదరాబాద్‌లో ఇవి తరచూ జరుగుతుంటాయి. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. పక్కన అనుభవం ఉన్నవాళ్ళు తొక్కుతుంటే ఆరు నెలల్లో నేర్చుకునేది ఒక రోజులో నేర్చుకుంటారు.

ముంబై హైవే మీద జహీరాబాద్, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ వెళ్ళొచ్చామని ఫొటోలు పెట్టేవాళ్ళు ఉంటారు. వెడల్పు రోడ్డు, షోల్డర్ ఉంది కదా అంటారు. ఆ షోల్డర్ మీదే రాత్రంతా నడిపిన లారీలు ఆగుతాయి, రాంగ్ సైడ్‌లో బైకులు వస్తాయి. పైగా చూడటానికి ఏమీ ఉండదు. ఆ రోడ్లు వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిల్‌కు ఎలాగూ అనుమతి లేదు, సర్వీసు రోడ్డు వరకే.

చివరగా, మధ్యలో ఆగిపోవాల్సి వస్తే ఏం చేయాలని అడిగారు. చైన్ తెగినా, మోకాలు పట్టేసినా కంగారు పడొద్దు. శంకర్‌పల్లి, చేవెళ్ళ, వికారాబాద్, మొయినాబాద్, ఏ ఊళ్ళోనైనా ట్రాలీ ఆటో దొరుకుతుంది. కూరగాయలు దించి ఖాళీగా తిరిగి వెళ్ళేవాళ్ళయితే రేటు తక్కువకే ఒప్పుకుంటారు. సైకిల్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టించండి. పడుకోబెట్టక తప్పకపోతే గేరు వైపు పైకి ఉండాలి, కింద గోనెసంచి పరిపించండి. ఫోన్ ఛార్జింగ్ కాపాడుకోండి, జేబులో 1,000 రూపాయల నగదు ఉంచుకోండి, ఇంట్లో వాళ్ళకు దారి ఊళ్ళ పేర్లు వరుసగా రాసి ఇవ్వండి. ఆధార్ కాపీ, రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన కాగితం సీటు కింది సంచిలో పెట్టుకోండి.

మీ సైకిల్ చైన్ తిరిగే పళ్ళ చక్రాల్లో ముందున్న చిన్నదానికీ, వెనకున్న పెద్దదానికీ పళ్ళు ఎన్నెన్ని ఉన్నాయో చూసి రాయండి. ముందు 34, వెనక 32 ఉంటే అనంతగిరి ఘాట్ దిగి ఎక్కడానికి ఇబ్బంది లేదు. వెనక 25 దగ్గరే ఆగిపోతే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) మార్పించుకున్నాకే కోట్‌పల్లి దారి పట్టండి. మీ బరువు, టైరు సైజు కూడా చెప్తే గాలి ఎంత ఉండాలో లెక్కేసి చెప్తాను.